వేల ఫైళ్లకు ఒక్క షీట్: లింకులు చేత్తో పెట్టే పని ఎందుకు మానుకోవాలి

భూముల కేసులు చూసే లాయరు ఆఫీసు ఒకటి అనుకుందాం. ఏళ్లుగా పోగుపడ్డ సేల్ డీడ్లు, ఈసీలు (భూమి మీద లావాదేవీల చరిత్ర చూపే పత్రాలు), పాస్‌బుక్కుల నకళ్లు అన్నీ స్కాన్ చేయించారు. ఫోల్డర్‌లో 4,000 పీడీఎఫ్‌లు ఉన్నాయి. ఎక్సెల్ షీట్‌లో 4,000 వరుసలున్నాయి: డాక్యుమెంటు నంబరు, తేదీ, సర్వే నంబరు, అమ్మినవారు, కొన్నవారు. ఏ వరుస మీద నొక్కితే ఆ దస్తావేజు తెరుచుకోవాలి. కాలేజీలో విద్యార్థుల సర్టిఫికెట్లకైనా, కాంట్రాక్టరు దగ్గర బిల్లులకైనా, సొసైటీలో సభ్యుల అప్పు పత్రాలకైనా ఇదే అవసరం.

చాలా ఆఫీసుల్లో ఈ పనిని ఒక కుర్రాడికి అప్పగిస్తారు. అతను సెల్ మీద రైట్ క్లిక్ చేసి, లింక్ అని ఎంచుకుని, ఫోల్డర్‌లో ఫైలు వెతికి, ఓకే నొక్కుతాడు. ఒక్కోదానికి అర నిమిషం వేసుకున్నా 4,000 ఫైళ్లకు 33 గంటలు పైనే పడుతుంది. పోయిన సమయం కంటే పెద్ద నష్టం ఇంకోటుంది. అలా పెట్టిన లింకుల్లో ఏది తప్పో చూసి చెప్పే దారి లేదు. పక్క వరుస ఫైలు ఇక్కడ తగిలించినా లింకు నీలం రంగులోనే కనిపిస్తుంది. దస్తావేజుల విషయంలో అది చిన్న పొరపాటు కాదు. ఒకరి భూమి కాగితం ఇంకొకరి పేరు పక్కన తెరుచుకుంటుంది.

లింకును విడిగా దాచుకోవాల్సిన సమాచారంగా చూడటంలోనే తప్పు మొదలవుతుంది. నిజానికి అది రెండు విషయాల నుంచి లెక్క తేల్చగలిగే ఫలితం. ఒకటి, ఫైళ్లు ఉన్న చోటు. రెండోది, ఆ వరుసను గుర్తుపట్టే నంబరు. ఫైలు పేరు ఆ నంబరుతోనే ఉంటే లింకును ఎవరూ పెట్టనక్కర్లేదు, సూత్రమే (ఫార్ములా) పుట్టిస్తుంది. హెచ్1 సెల్‌లో ఫోల్డర్ దారి, ఎ కాలమ్‌లో నంబరు ఉన్నాయనుకుంటే సూత్రం ఇలా ఉంటుంది:

=హైపర్‌లింక్($హెచ్$1 & ఎ2 & ".పీడీఎఫ్", "తెరువు")

ఎక్సెల్‌లో ఈ పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. హెచ్1లో ఇచ్చే దారి చివర వెనక్కి వాలిన గీత (\) ఉండేలా చూసుకోవాలి. సూత్రాన్ని ఒక్క వరుసలో రాసి కిందికి లాగితే 4,000 లింకులూ క్షణంలో వచ్చేస్తాయి. ఫోల్డర్ వేరే డ్రైవ్‌కు మారితే హెచ్1 ఒక్కటి మారిస్తే చాలు.

చేత్తో పెట్టిన లింకుకూ సూత్రంతో పుట్టిన లింకుకూ ఉన్న తేడా ఎక్సెల్ ఫైలు లోపలే ఉంది. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు అంటే నిజానికి ఒక జిప్ ఫైలు. చేత్తో పెట్టిన లింకుల చిరునామాలు సెల్‌లో ఉండవు, ఆ జిప్ లోపల వేరే ఎక్స్‌ఎంఎల్ ఫైలులో జాబితాగా ఉంటాయి. అందుకే కంట్రోల్ హెచ్ నొక్కి పాత ఫోల్డర్ పేరు బదులు కొత్తది పెట్టబోతే "దొరకలేదు" అని వస్తుంది. సూత్రం మాత్రం సెల్‌లోనే ఉంటుంది కాబట్టి కంటికి కనిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది, మార్చితే మారుతుంది. ఇంకో తేడా, చేత్తో పెట్టే లింకులకు ఒక షీట్‌లో 65,530 అనే పరిమితి ఉంది. షీట్‌లో 10,48,576 వరుసలు పట్టినా లింకులు అక్కడే ఆగిపోతాయి. హైపర్‌లింక్ సూత్రాలకు ఆ లెక్క వర్తించదు.

ఎక్సెల్ వాడేవాళ్లను ఏళ్లుగా ఏడిపిస్తున్న ఒక జబ్బుకు మూలం కూడా ఇక్కడే ఉంది. చేత్తో పెట్టిన లింకులను ఎక్సెల్ చాలాసార్లు పూర్తి దారితో కాకుండా, షీట్ ఉన్న చోటు నుంచి ఫైలు ఎటు ఉందో చెప్పే సాపేక్ష దారితో దాచుకుంటుంది. కరెంటు పోయో, కంప్యూటర్ హ్యాంగ్ అయ్యో ఫైలు రికవరీ నుంచి తెరిచి సేవ్ చేశామంటే, అప్పుడు షీట్ ఉన్న చోటు ఎక్సెల్ సొంత తాత్కాలిక ఫోల్డర్ అవుతుంది. మర్నాడు చూస్తే లింకులన్నీ యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్, ఎక్సెల్ అనే ఫోల్డర్ల వైపు తిరిగి ఉంటాయి. నెల రోజుల పని ఒక్క రాత్రిలో పాడవుతుంది. ఆప్షన్స్‌లోని వెబ్ ఆప్షన్స్‌లో "సేవ్ చేసేటప్పుడు లింకులు అప్‌డేట్ చేయి" అన్న టిక్కు తీసేస్తే ఈ ప్రమాదం తగ్గుతుంది. పూర్తి దారి ఇచ్చిన సూత్రానికైతే ఈ బాధే లేదు.

సూత్రం రాయడం ఇంత తేలికే అయినా, ఈ పనిలో నూటికి తొంభై పాళ్లు కష్టం సూత్రం బయట, నంబరు దగ్గర ఉంటుంది.

రిజిస్ట్రేషన్ డాక్యుమెంటు నంబరునే చూడండి. మనవాళ్లు 1234/2015 అని రాస్తారు. ఈ నంబరు ఒక్కటే చాలదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో, వీలునామాలు మూడో పుస్తకంలో, ఇతర పత్రాలు నాలుగో పుస్తకంలో నమోదవుతాయి. ఒక్కో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక్కో వరుస నడుస్తుంది. కాబట్టి 1234/2015 అనే దస్తావేజు తెనాలిలోనూ ఉండొచ్చు, నల్గొండలోనూ ఉండొచ్చు. ఆఫీసు, పుస్తకం, సంవత్సరం, నంబరు నాలుగూ కలిస్తేనే అది ఒకే ఒక్క పత్రాన్ని సూచిస్తుంది. ఫైలు పేరు కూడా ఆ నాలుగింటితోనే కట్టాలి: తెనాలి-1-2015-01234 (ఊరి పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో). ముందు సున్నాలు పెడితే ఫోల్డర్‌లో, జాబితాల్లో అన్నిచోట్లా వరుస సరిగ్గా వస్తుంది.

ఏటవాలు గీతతో (/) ఇంకో చిక్కు. విండోస్ ఫైలు పేర్లలో ఆ గీతను ఒప్పుకోదు. కోలన్, నక్షత్రం గుర్తు, ప్రశ్నార్థకం, కోట్ గుర్తులు, నిలువు గీత కూడా కుదరవు. అందుకని స్కాన్ చేసినవాళ్లు ఒకరు అడ్డగీత పెడతారు, ఒకరు అండర్‌స్కోర్ పెడతారు, ఇంకొకరు ఏమీ లేకుండా కలిపేస్తారు. షీట్‌లో గీత, ఫైలులో ఇంకేదో. సూత్రంలో సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్ పెట్టి గీతను అడ్డగీతగా మార్చుకోవచ్చు కానీ, ఫైలు పేర్లన్నీ ఒకే పద్ధతిలో ఉన్నప్పుడే అది పనిచేస్తుంది.

వీటన్నిటికంటే ప్రమాదకరమైంది తేదీల గొడవ. సర్వే నంబరు 142/2 అని కొడితే ఎక్సెల్ అలాగే ఉంచుతుంది. 12/2 అని కొడితే మాత్రం మన కంప్యూటర్ల ఇండియా సెట్టింగ్‌లో ఫిబ్రవరి 12 అనుకుంటుంది. పైకి 12-ఫిబ్ అని కనిపించినా లోపల ఉండేది రోజుల లెక్క. 2025లో టైప్ చేసి ఉంటే ఆ లెక్క 45700. సూత్రం దానికి పీడీఎఫ్ అని తగిలించి 45700 అనే పేరున్న ఫైలు కోసం వెతుకుతుంది. అలాంటి ఫైలు ఎక్కడా ఉండదు. డాక్యుమెంటు నంబర్లలోనూ ఇంతే. 13/2015 అలాగే ఉంటుంది, 12/2015 డిసెంబర్ అయిపోతుంది. ప్రతి ఏడాది మొదటి 12 దస్తావేజులు నెలలుగా మారిపోతాయన్నమాట. 4,000 వరుసల్లో ఇవి కొన్నే కాబట్టి ఎవరి కంటా పడవు.

ఇది ఒక్క మన ఆఫీసుల సమస్య అనుకుంటే పొరపాటు. మనిషి జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీ 2020లో కొన్ని జన్యువుల పేర్లనే మార్చాల్సి వచ్చింది. సెప్ట్1 అనే జన్యువును ఎక్సెల్ సెప్టెంబర్ 1గా మార్చేస్తుంటే దాన్ని సెప్టిన్1 చేశారు. మార్చ్1 కాస్తా మార్చ్‌ఎఫ్1 అయింది. సర్వే నంబర్ల పేర్లు మార్చే వీలు మనకు లేదు. టైప్ చేయడానికి ముందే ఆ కాలమ్ మొత్తాన్ని ఎంచుకుని ఫార్మాట్‌ను టెక్స్ట్ చేయడం సులువైన మార్గం. తర్వాత చేస్తే లాభం లేదు. అప్పటికే తేదీగా మారిన సెల్‌ను టెక్స్ట్ చేస్తే 45700 అనే అంకె మిగులుతుంది తప్ప 12/2 తిరిగి రాదు.

ముందు సున్నాలూ అంతే. 00123 అని కొడితే ఎక్సెల్ 123 చేస్తుంది. సూత్రంలో టెక్స్ట్ ఫంక్షన్‌తో ఐదు అంకెలుగా మళ్లీ కట్టుకోవచ్చు. 15 అంకెలు దాటిన నంబర్లకు మాత్రం ఆ అవకాశం లేదు. 16వ అంకె నుంచి ఎక్సెల్ సున్నాలు వేసేస్తుంది, పోయిన అంకెలు ఇక దొరకవు.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టుకునేవాళ్లకు ఇంకొన్ని ఇబ్బందులున్నాయి. వీటి గురించి ఇంగ్లిష్ గైడ్లలో సాధారణంగా ఎవరూ రాయరు. తెలంగాణలో సర్వే నంబర్ల ఉపవిభాగాలు అ, ఆ, ఇ అని ఉంటాయి. షీట్‌లో ఒకరు తెలుగు అ వేస్తే ఇంకొకరు ఇంగ్లిష్ ఎ వేస్తారు. మనిషికి రెండూ ఒకటేనేమో కానీ కంప్యూటర్‌కు కాదు. పొల్లు హల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా ఆపే కనిపించని అక్షరం ఒకటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే చేరుస్తాయి, కొన్ని చేర్చవు. పేరు చివర ఆ అక్షరం ఉన్నా లేకపోయినా చూపులకు తేడా తెలియదు, మ్యాచ్ చేస్తే మాత్రం తప్పు వస్తుంది. లెన్ ఫంక్షన్‌తో రెండు పేర్ల పొడవు చూస్తే ఒక అక్షరం తేడా బయటపడుతుంది. సబ్‌స్టిట్యూట్‌లో యూనిచార్(8204) ఇచ్చి దాన్ని రెండు వైపులా తీసేయాలి.

ఐత్వం విషయం మరీ సూక్ష్మం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, ఎత్వం, దాని కింద వచ్చే గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. విండోస్‌లో టైప్ చేస్తే సాధారణంగా మొదటి రూపం వస్తుంది. పాత మ్యాక్ కంప్యూటర్ల ఫైల్ వ్యవస్థ పేర్లను రెండో రూపంలోకి విడగొట్టి దాచేది. అలాంటి మ్యాక్ నుంచి వచ్చిన "రైతు" ఫైలు, ఇక్కడ షీట్‌లో టైప్ చేసిన "రైతు" ఒకటి కావు.

పొడవు సంగతి కూడా చూసుకోవాలి. హైపర్‌లింక్ ఫంక్షన్ 255 అక్షరాలు దాటిన చిరునామాను తీసుకోదు. విండోస్‌లోనూ పూర్తి దారికి మొదటి నుంచీ ఉన్న హద్దు 260. తెలుగులో గుణింతపు గుర్తులు, పొల్లులు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "లక్ష్మి" చూడటానికి రెండక్షరాలే, లెక్కలో ఏడు. ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టి, అన్నిటికీ తెలుగులో పెద్ద పేర్లు పెడితే ఈ హద్దు త్వరగానే వచ్చేస్తుంది. తెలుగు మీద ఎంత ఇష్టమున్నా, ఫైలు పేరులో అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు, అడ్డగీత మాత్రమే ఉంచి, తెలుగు వివరాలన్నీ షీట్‌లో కాలమ్‌లుగా పెట్టుకోవడమే మేలు. షీట్‌లో తెలుగు ఎంత ఉన్నా ఇబ్బంది లేదు. అలాగే ఫైలు పేరులో హ్యాష్ గుర్తు ఉండకూడదు. లింకులో హ్యాష్ కనిపిస్తే ఆ తర్వాతది ఫైలు లోపలి చోటు అనుకుంటుంది ఎక్సెల్. డోర్ నంబర్లకు ఆ గుర్తు పెట్టే అలవాటున్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి.

ఇక స్కానర్ ఇచ్చిన స్కాన్0001, స్కాన్0002 లాంటి పేర్లను సరైన పేర్లుగా మార్చడం. ఏ స్కాన్ ఏ దస్తావేజో తెలుసుకోవడానికి ఎవరో ఒకరు తెరిచి చూడాల్సిందే. పాత దస్తావేజుల చేతిరాతను చదివి పెట్టే సాఫ్ట్‌వేర్ మీద నమ్మకం పెట్టుకోలేం. మనిషి శ్రమను పెట్టాల్సిన చోటు ఇదే, లింకులు తగిలించడం కాదు. షీట్‌లో ఒక కాలమ్‌లో పాత పేరు, పక్క కాలమ్‌లో కొత్త పేరు రాసుకుంటే, మూడో కాలమ్‌లో పేరు మార్చే ఆదేశాన్ని సూత్రంతోనే తయారు చేసి, బ్యాచ్ ఫైలుగా (ఆదేశాలను వరుసగా నడిపే ఫైలు) ఒకేసారి నడపొచ్చు. అంతకుముందు మొత్తం ఫోల్డర్‌కు కాపీ తీసి వేరే డిస్కులో పెట్టడం తప్పనిసరి. పేర్లు తారుమారైతే వెనక్కి తెచ్చే నమ్మకమైన దారి అదే.

లింకులు వచ్చేశాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు. హైపర్‌లింక్ సూత్రం ఆ ఫైలు ఉందో లేదో చూడదు. లేని ఫైలుకూ నీలం రంగు లింకు ఇస్తుంది, నొక్కినప్పుడే "ఫైలు తెరవలేం" అంటుంది. కాబట్టి ఫోల్డర్‌లో నిజంగా ఏమున్నాయో ఆ జాబితా షీట్‌లోకి రావాలి.

దీనికి అందరికీ తెలిసిన దారి కమాండ్ ప్రాంప్ట్‌లో డిఐఆర్ ఆదేశం. ఇంగ్లిష్ పేర్లకు బాగానే ఉంటుంది. తెలుగు పేర్లను టెక్స్ట్ ఫైలులోకి మళ్లిస్తే ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. ముందు 65001 అనే కోడ్ పేజీకి (అన్ని భాషల అక్షరాలూ పట్టే సెట్టింగ్) మారితే తప్ప సరిగ్గా రావు. మ్యాక్రోల్లో (ఎక్సెల్ లోపల రాసుకునే చిన్న ప్రోగ్రాముల్లో) వాడే డిఐఆర్ ఫంక్షన్‌కూ ఇదే లోపం ఉంది. అక్కడ దాని బదులు ఫైల్ సిస్టమ్ ఆబ్జెక్ట్ వాడాలి.

ఇంతకంటే మంచిది పవర్ క్వెరీ, అంటే బయటి సమాచారాన్ని షీట్‌లోకి తెచ్చే ఎక్సెల్ సాధనం. ఎక్సెల్ 2016 నుంచి అది డేటా ట్యాబ్‌లోనే ఉంది. అక్కడ గెట్ డేటా, ఫ్రమ్ ఫైల్, ఫ్రమ్ ఫోల్డర్ అని వెళ్లి ఫోల్డర్ చూపిస్తే, లోపలి ఫోల్డర్లతో సహా ఫైళ్లన్నిటి పేరు, ఎక్స్‌టెన్షన్, మార్చిన తేదీ, ఫోల్డర్ దారి పట్టికగా వచ్చేస్తాయి. ఫైళ్ల లోపలి విషయం ఉండే మొదటి కాలమ్‌ను తీసేసి షీట్‌లోకి లోడ్ చేయాలి. రేపు ఇంకో 200 ఫైళ్లు చేరితే రిఫ్రెష్ నొక్కితే చాలు. పవర్ క్వెరీ విలువలను తెస్తుంది తప్ప పనిచేసే హైపర్‌లింక్ సూత్రాన్ని తేలేదు కాబట్టి, ఆ సూత్రం పక్క కాలమ్‌లో మనమే రాసుకోవాలి.

ఈ జాబితా చేతిలో ఉంటే అసలైన తనిఖీ రెండు వైపులా చేయొచ్చు. షీట్‌లో ఉండి ఫోల్డర్‌లో లేనివి ఏవి? ఫోల్డర్‌లో ఉండి షీట్‌లో లేనివి ఏవి? మొదటిది అందరూ చూస్తారు. రెండోది దాదాపు ఎవరూ చూడరు. కానీ పేరు తప్పు పడిన ఫైళ్లు, రెండుసార్లు స్కాన్ అయినవి, షీట్‌లో ఎక్కించడం మరిచిపోయిన దస్తావేజులు బయటపడేది రెండో వైపు నుంచే. పవర్ క్వెరీలో రెండు పట్టికలను కలిపేటప్పుడు యాంటీ జాయిన్ (ఒకదానిలో ఉండి రెండోదానిలో లేనివి మాత్రమే చూపేది) ఎంచుకుంటే ఈ రెండు జాబితాలూ నేరుగా వస్తాయి. పవర్ క్వెరీకి చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు వేరని మాత్రం గుర్తుంచుకోవాలి. కొన్ని స్కానర్లు ఎక్స్‌టెన్షన్‌ను పెద్ద అక్షరాల్లో ఇస్తాయి. పేర్లన్నిటినీ ముందే చిన్న అక్షరాల్లోకి మార్చుకుంటే గొడవ ఉండదు.

సూత్రాలతోనే చేయాలనుకుంటే, జాబితాలో పేరు ఉందో లేదో వెతికే మ్యాచ్ గానీ ఎక్స్‌లుకప్ గానీ వాడాలి. కౌంట్‌ఇఫ్‌ను ఇక్కడ వాడకపోవడమే మంచిది. అది 00123ను, 123ను ఒకటిగా లెక్కేస్తుంది. మ్యాచ్ వాడి, దొరికితేనే లింకు చూపించి, దొరకకపోతే "ఫైలు లేదు" అని రాసేలా సూత్రం కట్టుకుంటే, ఆ మాట మీద ఫిల్టర్ పెట్టి మిగిలిన పనంతా ఒక్కచోట చూసుకోవచ్చు.

ఒక వరుసకు ఒకటే ఫైలు ఉండాలన్న నియమం నిజ జీవితంలో నిలవదు. ఒక ప్లాటుకు సేల్ డీడ్, దాని వెనక ఉన్న లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), ఈసీ, పన్ను రసీదులు కలిసి పది కాగితాలు ఉండొచ్చు. ఇలాంటప్పుడు ఒకే వరుసలో పది కాలమ్‌లు చేసి పది లింకులు పెట్టడం చూస్తుంటాం. పదకొండో కాగితం వచ్చిన రోజు షీట్ ఆకారమే మార్చాల్సి వస్తుంది. దానికంటే ఒక్కో ప్లాటుకు ఒక ఫోల్డర్ పెట్టి లింకును ఆ ఫోల్డర్‌కే ఇవ్వడం నయం. హైపర్‌లింక్ ఫోల్డర్‌ను కూడా తెరుస్తుంది. ఏ కాగితం ఉంది, ఏది లేదు అన్న లెక్క ముఖ్యమైతే మాత్రం ఒక్కో ఫైలుకు ఒక్కో వరుసతో రెండో షీట్ పెట్టుకోవాలి. కోర్టు పనికి ఇదే సరైనది.

షీట్ పదిమంది చేతుల్లోకి వెళ్లినప్పుడు కొత్త ఇబ్బందులు వస్తాయి. ఒకరి కంప్యూటర్‌లో సర్వర్ జెడ్ డ్రైవ్‌గా ఉంటే ఇంకొకరికి వై డ్రైవ్. అందుకని డ్రైవ్ అక్షరం బదులు సర్వర్ పేరుతో మొదలయ్యే నెట్‌వర్క్ దారిని హెచ్1లో రాయాలి. షీట్‌ను మాత్రమే వాట్సాప్‌లో పంపితే లింకులేవీ పనిచేయవు, ఎందుకంటే ఫైళ్లు వెంట వెళ్లలేదు. అన్నీ జిప్ చేసి పంపినా, అవతలివాళ్లు జిప్ విప్పకుండా లోపలే షీట్ తెరిస్తే అది ఒక్కటే తాత్కాలిక ఫోల్డర్‌లోకి వస్తుంది, ఫైళ్లు రావు. పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాల్సి వస్తే షీట్‌ను, ఫైళ్ల ఫోల్డర్‌ను పక్కపక్కనే పెట్టి, హెచ్1లో ఆ ఫోల్డర్ పేరు, చివర వెనక్కి వాలిన గీత మాత్రమే రాస్తే చాలు. షీట్ ఉన్న చోటు నుంచే ఎక్సెల్ వెతుక్కుంటుంది.

ఫోన్లో చూడాలన్నా, వేర్వేరు ఊళ్ల నుంచి వాడాలన్నా గూగుల్ షీట్స్, డ్రైవ్ జత మెరుగు. డ్రైవ్‌లో ప్రతి ఫైలుకూ ఒక స్థిరమైన ఐడీ ఉంటుంది. ఫైలు పేరు మార్చినా, వేరే ఫోల్డర్‌లోకి జరిపినా ఆ ఐడీతో ఉన్న లింకు తెగదు. గూగుల్ షీట్స్‌తో వచ్చే యాప్స్ స్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ సాధనంలో పది పన్నెండు లైన్లు రాస్తే ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లు, లింకులు షీట్‌లోకి వచ్చేస్తాయి. ఒక్కోసారి నడపడానికి ఆరు నిమిషాలే సమయం ఉంటుంది కాబట్టి, ఫైళ్లు మరీ ఎక్కువైతే విడతలుగా చేయాలి. పాత ఫైలును తీసేసి కొత్త స్కాన్ ఎక్కిస్తే ఐడీ మారి లింకు తెగుతుంది. అలా కాకుండా అదే ఫైలుకు కొత్త వెర్షన్‌గా ఎక్కించాలి. ఇక్కడ కూడా వరుసకూ ఫైలుకూ జత కుదిర్చేది పేరే కాబట్టి, నంబరు గురించి పైన చెప్పిన జాగ్రత్తలన్నీ దీనికీ అవసరమే.

డ్రైవ్‌లో ఫోల్డర్‌ను "లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు" అని పెట్టేయడం చాలా ఆఫీసుల్లో కనిపించే అలవాటు. ఆధార్, పాన్, సంతకాలు, వేలిముద్రలు ఉన్న కాగితాల విషయంలో అది చేయకూడని పని. షీట్ ఒక్కసారి బయటికి వెళ్తే 4,000 కుటుంబాల కాగితాలు దానితోపాటే వెళ్లినట్టు. పని చేసేవాళ్ల ఈమెయిళ్లకు మాత్రమే, ఫోల్డర్ స్థాయిలో అనుమతి ఇవ్వాలి. ఫైలు పేరుగా ఆధార్ నంబరు వాడటం కూడా మానాలి. ఫైలు తెరవకపోయినా పేరు అందరికీ కనిపిస్తుంది: డౌన్‌లోడ్ల జాబితాలో, వాట్సాప్‌లో, సైబర్ కేఫ్ కంప్యూటర్‌లో. ఆఫీసు సొంతంగా ఇచ్చుకున్న వరుస నంబరు పెట్టినా లింకు అంతే బాగా పనిచేస్తుంది.